పాలప్యాకెట్ మీది ఎరుపు

చిన్నీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. ఐసునీళ్లలో నానిన పాలప్యాకెట్, పక్కనే నీ వేళ్లకంటిన ఎరుపు. మీ ప్రింటింగు షిఫ్టులో అందరూ "ఇంకు బాగాలేదు, డబ్బా తిప్పి పంపేద్దాం" అంటున్నారని రాశావు. పంపొద్దు. ఇంకును అనుమానించడం చివరి పని, మొదటి పని కాదు.

ముందు ఒక్క సంగతి తేల్చుకో: రంగు ఊడుతోందా, మరక పడుతోందా? పెచ్చులుగా లేస్తే అది అంటుకోని జబ్బు. ప్యాకెట్ మీద బొమ్మ అలాగే ఉండి, చేతికి మాత్రం ఎరుపు రుద్దుకుంటే అది వేరే జబ్బు. ప్రింటు మీద సెలోటేపు వేసి బొటనవేలితో గట్టిగా నొక్కి, మొదట మెల్లగా, చివర్లో ఒక్క లాగు లాగు. టేపుకి అడుగున వేసిన తెలుపూ పైనున్న ఎరుపూ కలిసి వస్తే తప్పు ఫిల్ముకీ తెలుపుకీ మధ్య ఉంది. ఎరుపొక్కటే వచ్చి తెలుపు నిలిస్తే తప్పు ఆ రెండు రంగుల మధ్య. ప్రింటు దిగిన వెంటనే ఒకసారి, 24 గంటలయ్యాక మరోసారి ఈ పరీక్ష చెయ్యి. తర్వాత ముక్కను ఐసునీళ్లలో నానబెట్టి, తడిమీదే రెండు చేతుల మధ్య అంగుళం ఎడంగా పట్టుకుని ఇరవై సార్లు నలుపు. పాలబూత్ టబ్బులో ప్యాకెట్ పడే అవస్థకి ఇదే దగ్గరి పరీక్ష.

తెలుపుతో సహా లేస్తే ఫిల్ము వైపు వెళ్లు. పాలిథిన్ సహజంగా దేన్నీ అంటనివ్వదు. అందుకే ఫిల్ము పైపొరకి కరెంటు తాకించి ఇంకు పట్టేలా చేస్తారు, అదే ట్రీట్‌మెంట్. అది లేని ఫిల్ము 30, 31 డైన్ల దగ్గరుంటుంది (డైన్ అంటే ఫిల్ము పైపొర ఇంకును పట్టే శక్తికి కొలత). సాల్వెంట్ (ఇంకును పలచన చేసి, ఆరేటప్పుడు ఎగిరిపోయే ద్రవం) ఉన్న ఇంకు నిలవాలంటే కనీసం 38 కావాలి, వాటర్‌బేస్ ఇంకైతే 40 నుంచి 42. డైన్ ద్రవంతో గీత గీసినప్పుడు రెండు సెకన్లపాటు పొరలా నిలిస్తే ఆ అంకె ఉన్నట్టు, బొట్లుబొట్లుగా విడిపోతే లేనట్టు. తక్కువ అంకె నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లు. రోలు మధ్యలో ఒక్కచోట చూసి వదిలెయ్యకు, రెండంచులూ చూడు. వేలు తగిలిన చోట చూడకు. ఇంకో చిక్కుంది. ఫిల్ము జారడానికి అందులో కలిపిన స్లిప్ మందు రోజులు గడిచేకొద్దీ పైకి తేలుతుంది, ట్రీట్‌మెంట్ దిగిపోతుంది. ఫిల్ము తయారయ్యే ఎక్స్‌ట్రూడర్ దగ్గర 40 చూపిన రోలు గోదాములో నెల పడుకుంటే 36 చూపొచ్చు. పాత రోలు ముందు ఎక్కించండి, ప్రెస్సు మీద ట్రీటర్ ఉంటే దాన్ని నడపండి. అలాగని కరెంటు పెంచుకుంటూ పోతే రోలు లోపల పొరలు ఒకదానికొకటి అంటుకుంటాయి, ప్యాకింగ్ మిషన్‌లో సీలూ బలహీనపడుతుంది.

నీ ఫొటో చూస్తే మాత్రం నాకు పెచ్చు కనబడలేదు, మరకే కనబడింది. అందుకే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

జీడిమెట్లలో డిసెంబరు పొద్దున్న ఇంకు చల్లగా ఉంటుంది. చల్లటి ఇంకు చిక్కగా ఉంటుంది. జాన్ 2 కప్పుతో (అడుగున కన్నమున్న కప్పు, ఇంకు కారడానికి పట్టే సెకన్లే చిక్కదనం) కొలిస్తే 30 సెకన్లు చూపిస్తుంది, ఆపరేటరుకి కావాల్సింది 22. వెంటనే సాల్వెంట్ పోస్తాడు. పదకొండు గంటలకల్లా పంపు తిరిగి, ప్రెస్సు వేడెక్కి ఇంకు దానంతటదే పలచబడుతుంది, ఎరుపు వెలవెలబోతుంది. అప్పుడు చిక్కటి ఎరుపు బేసు (రంగుపొడి ఎక్కువున్న ముద్ద) ఒక మగ్గు పోస్తాడు. షేడ్ వచ్చేస్తుంది, అందరూ హాయిగా ఊపిరి పీలుస్తారు. కానీ ఉత్త సాల్వెంట్ పోస్తే పిగ్మెంటుకీ (రంగుపొడికీ) రెజిన్‌కీ (దాన్ని పట్టి ఉంచే జిగురుకీ) ఉన్న పొత్తు మారదు, పొర పలచబడుతుందంతే. బేసు పోస్తే ఆ పొత్తే చెడుతుంది: పిగ్మెంటు ఎక్కువ, పట్టి ఉంచే రెజిన్ తక్కువ. ఆ మిగులు పిగ్మెంటే నీ వేళ్లకంటింది. షేడ్ పెంచాలంటే పలచన చెయ్యని తాజా ఇంకు కలపాలి. తగ్గించాలంటే సాల్వెంట్ కాదు, మీడియం (రంగుపొడి లేని ఇంకు) కలపాలి.

కాబట్టి కప్పు అంకె పక్కన ఇంకు ఉష్ణోగ్రత రాయనిదే ఆ అంకెకి విలువ లేదు. 25 డిగ్రీల దగ్గర ఎంతుందో అదే అసలు లెక్క. కప్పును ఇంకులో ముంచి, లోహం ఆ వేడికి వచ్చేదాకా ఉంచి, నిటారుగా ఎత్తు. అంచు ఇంకు పైకి వచ్చిన క్షణం నుంచి ధార మొదటిసారి తెగేదాకా సెకన్లు. కప్పు కన్నంలో ఎండిన ఇంకుంటే లెక్కంతా అబద్ధం. పని అయ్యాక మెత్తటి గుడ్డతో తుడువు, పిన్నుతో పొడవకు. సాల్వెంట్ ఎంత కావాలో అంచనాతో పొయ్యనివ్వకు: 10 కిలోల ఇంకుకి ఒక్కోసారి 300 గ్రాములు తూచి పోసి, ఐదు నిమిషాలు తిప్పి, మళ్లీ కప్పు పెట్టు. తెలుపు డబ్బాను అడుగుదాకా గరిటెతో లేపి స్టిరర్ పెట్టనిదే వాడనివ్వకు. తెలుపులోని టైటానియం డయాక్సైడ్ బరువు, అడుగున కూర్చుంటుంది. పైపైన తీసిన తెలుపు వెనక ఉన్నదాన్ని కప్పదు.

ఏ సాల్వెంట్ అన్నది కూడా ముఖ్యమే. వేగంగా ఆరేది ఇథైల్ అసిటేట్, తర్వాత ప్రొపైల్ అసిటేట్, దాని వెనక ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), ఎన్-ప్రొపనాల్ ఇంకా నెమ్మది, అన్నిటికన్నా చివర మెథాక్సీ ప్రొపనాల్. బకెట్‌లోంచి ముందుగా ఎగిరిపోయేది వేగమైనదే. అందుకే తగ్గినప్పుడల్లా ఒకే సాల్వెంట్ పోస్తుంటే సాయంత్రానికి పాళ్లు తారుమారవుతాయి. సరఫరాదారు చెప్పిన మిశ్రమాన్నే ముందే కలిపి, అందులోంచే పొయ్యండి. బొమ్మ అచ్చువేసే ప్లేటు మీద ఇంకు ఎండి సన్న అక్షరాలు పూడుతుంటే నెమ్మది సాల్వెంట్ కొంచెం. ప్రింటైన ఫిల్మును చుట్టే రివైండర్‌లో రోలు అంటుకుంటున్నా, వాసన వస్తున్నా ఆ నెమ్మదిది ఎక్కువైందని. తొందరపడి ఇథైల్ అసిటేట్ కుమ్మరించే అలవాటు మీ దగ్గర ఉందేమో చూడు. ఎస్టర్లు, అంటే ఈ అసిటేట్లు, మొత్తం సాల్వెంట్‌లో 20, 25 శాతం దాటితే ఫొటోపాలిమర్ ప్లేటు ఉబ్బుతుంది, చుక్కలు లావవుతాయి, ఆపైన ఇంప్రెషన్ (ప్లేటు ఒత్తిడి) ఎంత సర్దినా లాభం లేదు. టోలుయిన్ ఊసే వద్దు. ఆహార ప్యాకింగ్ ఇంకులకి ఐఎస్ 15495 అనే భారత ప్రమాణం పాటించాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధన, ఆ ప్రమాణాన్ని 2020లో సవరించినప్పుడు టోలుయిన్‌ను వాడకూడని జాబితాలో పెట్టారు.

వానాకాలంలో ఎరుపు పాలిపోయి తెల్లటి మసక కమ్మితే అది గాలిలోని తేమ. సాల్వెంట్ చప్పున ఎగిరి పొర చల్లబడినప్పుడు దాని మీద తేమ దిగుతుంది. మూత తీసి ఉంచిన ఆల్కహాల్ కూడా నీటిని పీలుస్తుంది. బకెట్లకు మూతలు, డ్రమ్ములకు బిరడాలు.

అనిలాక్స్ (సన్న గుంటలతో ఇంకును కొలిచి ప్లేటుకి అందించే రోలరు) సంగతి పొట్టిగా చెబుతాను: సిరామిక్ రోలరు మీద ఇత్తడి బ్రష్షు పెట్టనివ్వకు, స్టీలు బ్రష్షే. ఇంకు ఎండకముందే కడగాలి, గుంటలు పూడితే షేడ్ పడిపోతుంది. ఆ నేరం కూడా ఇంకు మీదికే వస్తుంది.

ఇక నాకు నిద్రపట్టనివ్వని విషయం. ఇథైల్ అసిటేట్ ఫ్లాష్ పాయింట్ మైనస్ 4 డిగ్రీలు, ఐపీఏది 12. అంటే మన ఊరి చలికాలంలో కూడా నిప్పురవ్వ ఒక్కటి చాలు. డ్రమ్ము నుంచి బకెట్‌లోకి వంపేముందు రెండిటినీ ఎర్త్ తీగతో కలపాలి, ప్లాస్టిక్ బకెట్ వాడొద్దు. ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది, కాబట్టి ఎగ్జాస్ట్ కిందనే ఉందో లేదో చూడు. ఇంకు తుడిచిన గుడ్డలు మూతున్న ఇనుప డబ్బాలోకి. మీ ఇంకులో నైట్రోసెల్యులోజ్ అనే రెజిన్ ఉంటే, ఎండిన పొడి మహా చురుగ్గా అంటుకుంటుంది, గీకేటప్పుడు తడిపి గీకాలి. అమ్మ కొన్న ఆ పాలిస్టర్ చుడీదార్ ఇంకు రూముకి వేసుకెళ్లకు, నూలుదే. చేతులు సాల్వెంట్‌తో కడగడం మానెయ్యి. అసిటేట్‌కి నైట్రైల్ గ్లౌజు ఎక్కువసేపు ఆగదు, తడిసిన వెంటనే మార్చెయ్యి, ఎక్కువసేపు పనైతే బ్యూటైల్ రబ్బరువి అడుగు. ముక్కుకి దుమ్ము మాస్కు పనికిరాదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్నదే కావాలి.

రేపు ఈ మరక వచ్చిన ఫిల్ము రోళ్లకీ రెండంచులూ మధ్యా డైన్ అంకెలు, టేపు ముక్కలు, ఎరుపు బకెట్ రిజిస్టరులో ఆ రోజు పేజీ, ఇవి ఫొటో తీసి పంపు. ఆ పేజీలో బేసు పోసిన లెక్క రాసి లేకపోతే, పొద్దుటి షిఫ్టు అబ్బాయిని మెత్తగా అడుగు. తిట్టకు, తిడితే రేపటి నుంచి అసలు రాయడు.

మీ నాన్న