ఆ బోర్డు మా మెకానిక్‌కి ఎందుకు అమ్మరు?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆరేళ్ల కిందట కొన్న మా వాషింగ్ మెషీన్ పోయిన నెల ఉన్నట్టుండి ఆగిపోయింది. డ్రమ్ము బాగుంది, మోటారు బాగుంది, పోయింది మెషీన్‌ని నడిపించే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు ఒక్కటే. సర్వీస్ సెంటర్ నుంచి వచ్చినతను పది నిమిషాలు చూసి, ఈ మోడల్ ఆపేశారు, బోర్డు రావట్లేదు, ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి అని చెప్పి విజిటింగ్ చార్జీ తీసుకుని వెళ్లిపోయాడు.

మా వీధి మెకానిక్ ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాడు. ఆయన బోర్డు బయటికి తీసి చూపించాడు. దాని మీదంతా జిగురులాంటి రెసిన్ పోసి గడ్డకట్టించారు. తేమ తగలకుండా అలా పోస్తారట, సరే, కానీ లోపల ఒక చిన్న రిలే, అంటే కరెంటు ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు, మార్చాలన్నా అదంతా గీకాలి, గీకేటప్పుడు బోర్డు మీది సన్నటి రాగి గీత తెగిందంటే బోర్డు మొత్తం పోయినట్టే. "సర్క్యూట్ డయాగ్రమ్ ఉంటే ధైర్యం చేసేవాణ్ణమ్మా" అన్నాడు. ఆయనకి ఆ డయాగ్రమ్ ఇచ్చేవాళ్లు లేరు, కొత్త బోర్డు అమ్మేవాళ్లూ లేరు. పని వచ్చిన మనిషి చేతులు కట్టేసినట్టు నిలబడితే చూడటానికి కష్టంగా అనిపించింది.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలోనే రైట్ టు రిపేర్, అంటే కొన్న వస్తువుని బాగుచేయించుకునే హక్కు మీద కమిటీ వేసింది, అదే డిసెంబరులో పోర్టల్ పెట్టింది. 2024లో రిపేరబిలిటీ ఇండెక్స్ కోసం ఇంకో కమిటీ వేశారు, దాని నివేదిక 2025 మేలో వచ్చింది. ఫ్రిజ్ మీద కరెంటు స్టార్లు ఉన్నట్టే, ఒక వస్తువు ఎంత తేలిగ్గా రిపేరవుతుందో మార్కులు వేయడం అన్నమాట. ఫ్రాన్స్‌లో 2021 నుంచి ఉంది. మంచిదే, కాదనను. కానీ మార్కులు కొనేముందు పనికొస్తాయి, ఆరేళ్ల తర్వాత బోర్డు పోయిననాడు నాకు కావాల్సింది పార్టు. కాలిఫోర్నియా చట్టం చూడండి, 2021 జూలై నుంచి మార్కెట్లోకి వచ్చిన వస్తువుల్లో 100 డాలర్లు, ఆపై ఖరీదు చేసేవాటికి, మోడల్ తయారీ ఆగాక కూడా ఏడేళ్ల పాటు పార్టులు, పనిముట్లు, మాన్యువళ్లు బయటి మెకానిక్‌లకి కూడా అందుబాటులో ఉంచాలి. యూరప్‌లో 2025 జూన్ నుంచి మార్కెట్లోకి వచ్చే స్మార్ట్‌ఫోన్లకీ స్పేర్ పార్టులు ఇన్నేళ్లు ఇచ్చి తీరాలని రూలు పెట్టారు. అక్కడ ఇవ్వగలిగిన కంపెనీలు ఇక్కడ ఎందుకు ఇవ్వలేవు? అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో ఫోన్లు విప్పి బాగుచేసే కుర్రాళ్లకి ఆ పార్టులు, ఆ మాన్యువళ్లు అందితే ఎన్ని ఫోన్లు చెత్తలోకి పోకుండా ఆగుతాయో!

అందుకే మన రెండు రాష్ట్రాల ఎంపీలు మనకీ ఇలాంటి చట్టం కావాలని పార్లమెంటులో గట్టిగా అడగాలి. పార్టులు ఎన్నేళ్లు ఇవ్వాలో, ఎన్ని రోజుల్లో ఇవ్వాలో, ఎవరు అడిగినా ఇవ్వాలని అందులో స్పష్టంగా రాయించాలి.

అదే మోడల్ మెషీన్ ఎక్కడైనా స్క్రాప్‌కి వస్తే బోర్డు తీసి పెడతానన్నాడు మా మెకానిక్. అప్పటిదాకా మా మెషీన్‌కి పాత దుప్పటి కప్పి బాల్కనీలో ఉంచాం.

– ఒక పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్