పర్లాకిమిడి స్టేషన్‌లో మా అబ్బాయి పక్కన కూర్చున్న తల్లికి

పోయిన కార్తీక మాసంలో ఒక సాయంత్రం, హాస్టల్ నుంచి ఎవరికీ చెప్పకుండా వచ్చేసి పర్లాకిమిడి రైల్వే స్టేషన్ బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న మా తొమ్మిదో తరగతి పిల్లవాడిని గమనించి, మేము చేరుకునేదాకా వాడిని విడిచి కదలక, చివరికి పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన తల్లికి మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు.

మీరు వాడిని ఏం తప్పు చేశావని అడగలేదట. సంచిలోంచి అరటిపండు తీసి, వలిచి చేతిలో పెట్టి, తినేదాకా మౌనంగా ఉన్నారట. తోటివారి వేధింపుల గురించి నెలల తరబడి మాకు చెప్పుకోలేనిది మీతో చెప్పుకున్నాడు. మానసిక ఆరోగ్య సహాయానికి ఉన్న ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు మీ ఫోన్ నుంచే చేసి, తెలుగులో మాట్లాడించారు. చదువు ఒడియాలో సాగుతున్నా వాడి దుఃఖం తెలుగులోనే ఉంది. 2022 అక్టోబరులో మొదలైన ఆ ఉచిత సేవ రాత్రింబవళ్లు మన భాషలోనూ అందుతుందని ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో బతికే మాకు అంతవరకు తెలియదు.

బడివారు మొదట ఆ వేధింపులను పిల్లల అల్లరిగా కొట్టిపారేశారు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పాకే కదలిక వచ్చింది. ఇప్పుడు ఇంటి నుంచే బడికి వెళ్తున్నాడు, కంటినిండా నిద్రపోతున్నాడు.

ఆ చలిలో మీరు కప్పిన శాలువా వాడి దగ్గరే ఉండిపోయింది. ఉతికి, మడతపెట్టి, మీకోసం దాచి ఉంచాం.