ఈసారి ‘బాగానే ఉన్నాలే’ అనకు

చెల్లీ,

‘నేనిక్కడ క్షేమం, నువ్వక్కడ క్షేమమని తలుస్తాను’ అని మొదలుపెట్టి కొట్టేశాను. నువ్వు క్షేమంగా లేవని తెలిసి ఆ మాట ఎలా రాయను? ఆదివారం మాట్లాడుతుంటే నాన్నను పక్కకు తిప్పాలని మధ్యలో లేచావు. ఫోన్ పెట్టేయడం మరిచిపోయావు. బాబు ఏదో అడిగితే వాడి మీద గట్టిగా అరిచావు. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత నువ్వు ఏడవడం వినిపించింది. మళ్లీ ఫోన్ అందుకుని ‘బాగానే ఉన్నాలే అక్కా, అలవాటైపోయింది’ అన్నావు. ఫోన్‌లో అయితే మాట మార్చేస్తావని ఉత్తరం రాస్తున్నా.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. మీకెవరికీ చెప్పకుండా దాచాను. నాన్నకు పక్షవాతం వచ్చిన నాలుగు నెలలకు, ఆఫీసులో కూర్చుని ఉండగానే నాకు గుండె దడ మొదలైంది. చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు. గుండెపోటే అనుకున్నా. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి గుండె బాగానే ఉందన్నారు. డాక్టరమ్మ రిపోర్టులు పక్కన పెట్టి, ‘మీరు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయింది?’ అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. ఇంటి నుంచి ఏ కబురొస్తుందోనని రోజూ ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా. నీకెప్పుడైనా ఛాతీలో నొప్పి వస్తే టెన్షనేలే అని ఊరుకోకు. ముందు డాక్టర్‌కి చూపించు.

ఆవిడ చెప్పాకే నాకు శరీరం లెక్క అర్థమైంది. ఏదైనా ప్రమాదం అనిపించగానే కిడ్నీల మీద ఉండే చిన్న గ్రంథుల నుంచి క్షణాల్లో అడ్రినలిన్, కాస్త ఆలస్యంగా కార్టిసాల్ రక్తంలోకి వస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, చక్కెర పెరుగుతుంది, అరుగుదల మందగిస్తుంది. మీదికి బండి దూసుకొస్తే ఒక్క గెంతులో మనల్ని పక్కకు దూకించేది అదే. కాసేపు ఉండి సద్దుమణిగితే మంచిదే. నీ విషయంలో అది సద్దుమణగడం లేదు. నాన్న దగ్గితే లేస్తావు, దగ్గకపోతే ఎందుకు దగ్గలేదా అని లేస్తావు.

హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల గురించి రాశాడు. చలి, గాయం, విపరీతమైన శ్రమ, ఏది పెట్టినా శరీరం ఒకే తీరుగా స్పందించిందట. మొదట ఉలిక్కిపడుతుంది, తర్వాత తట్టుకుంటుంది, ఆ ఒత్తిడి ఆగకుండా కొనసాగితే చివరికి చతికిలబడిపోతుంది. ఆ మధ్య దశలో పైకి అంతా సర్దుకున్నట్టే ఉంటుంది. అందుకే నువ్వు ‘అలవాటైపోయింది’ అన్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది.

నాన్న కోలుకున్నాక ఎక్కడికైనా వెళ్లి పదిరోజులు విశ్రాంతి తీసుకుంటానన్నావు. అంతవరకు ఆగొద్దు. రోజూ కొంచెం కొంచెంగా దించుకోవాల్సిన బరువు ఇది. నాకు పనికొచ్చినవి చెబుతాను, నీకు కుదిరినవి తీసుకో.

అన్నిటికన్నా తేలికైనది ఊపిరి. గాలి పీల్చినప్పుడు గుండె కొద్దిగా వేగం పెంచుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. నాలుగు లెక్కపెట్టేదాకా ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా మెల్లగా వదిలితే నిమిషానికి ఆరుసార్లు అవుతుంది. మామూలుగా మనం పన్నెండు నుంచి ఇరవై సార్లు పీలుస్తాం. దీనికంటూ వేరే టైమ్ వెతుక్కోకు. నాన్నకు బీపీ చూసేటప్పుడు ఆ పట్టీ బిగుసుకుని వదిలేదాకా ఎలాగూ పక్కనే కూర్చుంటావుగా, అప్పుడు చెయ్. నేను ఆఫీసులో ప్రతి మీటింగుకు ముందు చేస్తాను. మొదటి వారం ఏ తేడా తెలియలేదు. ఒకరోజు అరవబోయి ఆగాను, అప్పుడు తెలిసింది. లెక్కపెట్టడంతో కంగారు పెరిగితే లెక్క మానేసి, వదిలే ఊపిరిని మాత్రం గమనించు.

నడక గురించి ‘టైమెక్కడిది’ అంటావని తెలుసు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కానీ ఒకేసారి పది నిమిషాలైనా చేస్తేనే లెక్కలోకి వస్తుందన్న పాత నియమాన్ని 2020లో తీసేశారు. బాబును బస్సు ఎక్కించి నేరుగా లోపలికి రాకుండా ఆ వీధి చివరిదాకా వెళ్లిరా. ఏడు నిమిషాలైనా నడకే. పొద్దున్నే వెలుతురు కంట పడితే రాత్రి నిద్ర కూడా వేళకు వస్తుంది.

ఇక నిద్ర. ఇదే అసలైనది, నీకు అందనిదీ ఇదే. పెద్దవాళ్లకు ఏడు గంటలైనా కావాలి. రెండు గంటలకోసారి లేచి నాన్నను తిప్పే మనిషికి ఏడు గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? అందుకే మరిది గారిని అడుగు. వారంలో రెండు రాత్రులు ఆయన లేవాలి, ఆ రెండు రాత్రులూ నువ్వు వేరే గదిలో తలుపేసుకుని పడుకోవాలి. ‘ఆయనకు చేతకాదు’ అంటావు. మొదట్లో నీకూ చేతకాలేదు కదా. దిండు వంకరగా పెడితే పెట్టనీ. లేచి సరిచేయడానికి మాత్రం వెళ్లకు.

మధ్యాహ్నం తర్వాత కాఫీ మానెయ్. కాఫీలోని కెఫీన్ చాలామందికి ఐదు గంటలైనా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. పడుకోబోయే ముందు రేపు చేయాల్సిన పనులు కాగితం మీద రాసిపెట్టు. అలా రాసుకున్నవాళ్లకు, అప్పటికే చేసేసిన పనులు రాసినవాళ్లకన్నా త్వరగా నిద్ర పట్టిందని 2018లో ఒక చిన్న పరిశోధనలో తేలింది. నాకు మాత్రం చాలా బాగా పనిచేసింది. పక్కమీద ఫోన్ చూస్తూ మనసు మళ్లించుకోవడం నేనూ చేశాను, దానివల్ల ఇంకో గంట నిద్ర పోయిందంతే.

చెల్లీ, ఇవన్నీ ఒక ఎత్తు. నీ మనసులో ఉన్నది ఇంకో ఎత్తు. నడవడానికి వెళ్తే నాన్నను వదిలేసినట్టు, పడుకుంటే తప్పు చేసినట్టు నీకు అనిపిస్తోంది. నువ్వు నోరు తెరిచి అనకపోయినా నాకు తెలుసు, ఎందుకంటే నాకూ అలాగే ఉంది. ఇక్కడ నేను నవ్విన ప్రతిసారీ అక్కడ నువ్వొక్కదానివే ఉన్నావని గుర్తొచ్చేది. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లిన మొదటిరోజు ఇదే చెప్పి ఏడ్చాను. ఆవిడ నన్నేమీ ఓదార్చలేదు. ‘మీ చెల్లెలికి మీరు చేయగలిగిన పనులేమిటి?’ అని అడిగి కాగితం ఇచ్చింది. ఆ కాగితంలోంచే ఇప్పుడు నీకు రాస్తున్నా.

ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడటం, కాగితాలు నింపడం ఇకనుంచి నా పని. నాన్న మందులు అయిపోకముందే తెప్పించడం, ఫిజియోథెరపీకి టైమ్ తీసుకోవడం కూడా ఇక్కడి నుంచి చేయగలను. ఇన్నాళ్లూ నువ్వు అడగలేదని నేను చేయలేదు, నేను బిజీ అని నువ్వు అడగలేదు. ఇంకా, వారంలో రెండు సాయంత్రాలు వీడియోలో నాన్నకు నేను పేపర్ చదివి వినిపిస్తాను. మీకు సాయంత్రమయ్యే వేళకు నేను నిద్ర లేచే ఉంటాను. ఆయనకు మాట సరిగా రాకపోయినా అంతా వింటారని నువ్వే చెప్పావుగా. ఆయన పక్కన అమ్మ కూర్చుంటుంది. ఆ గంట నువ్వు ఇంట్లో ఉండకూడదు. నడువు, స్నేహితురాలింటికి వెళ్లు, ఊరికే ఎక్కడైనా కూర్చో. ఇంటిపని మాత్రం పెట్టుకోకు.

ఇంకొక్కటి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, ఇష్టమైనవాటి మీద కూడా మనసు పోకపోతే, డాక్టర్ దగ్గరికి వెళ్దాం. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు కాదు, రెండు నిమిషాలు కూడా ఆగకు. పక్కనున్నవాళ్లను లేపు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, నాకూ ఫోన్ చెయ్. అర్ధరాత్రయినా ఎత్తుతాను. మందులు వాడినా, కౌన్సెలింగ్‌కు వెళ్లినా అందులో నామోషీ ఏమీ లేదు. నేను ఇప్పటికీ వెళ్తున్నాను.

ఈ ఉత్తరం చదివాక పెద్ద జవాబేమీ రాయక్కర్లేదు. నీకు కుదిరే రెండు సాయంత్రాలు ఏవో మెసేజ్ పెట్టు. వచ్చే వారం నుంచే మొదలుపెడతాను.

అమ్మకు, మరిది గారికి నా మాటగా చెప్పు.

నీ అక్క

తా.క.: ఆ రోజు బాబు మీద అరిచినందుకు నువ్వు కుమిలిపోతూ ఉంటావు. వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని ‘తప్పు నీది కాదు నాన్నా, అమ్మ బాగా అలిసిపోయింది’ అని చెప్పు. వాడికి అర్థమవుతుంది.