మంత్రి గారూ, జుట్టు రంగు పెట్టె మీద ఆ 48 గంటల మాట కాస్త పెద్ద అక్షరాల్లో వేయించండి

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

తలకు రంగు వేసుకున్న రోజు నాకేమీ కాలేదండీ. మర్నాడూ బానే ఉన్నాను. మూడో రోజు పొద్దున లేచేసరికి కళ్లు తెరుచుకోవట్లేదు, నుదురు ఉబ్బిపోయింది, చెవుల వెనక రసి కారుతోంది. మొదట చూసిన డాక్టర్ గారు నిన్న ఏం తిన్నారని అడిగి, అలర్జీ మాత్రలు రాసి పంపేశారు. రంగు సంగతి ఆయన అడగలేదు, నాకూ తట్టలేదు. ఏళ్ల తరబడి వాడుతున్న రంగే కదా మరి.

మెలికంతా అక్కడే ఉంది. ఒంటి మీద నిమిషాల్లో దద్దుర్లు లేపే అలర్జీ రక్తంలో తిరిగే యాంటీబాడీల పని. నాకొచ్చింది టీ కణాల పని, అవి రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు. రంగులోని పీపీడీ అనే రసాయనం చర్మంలోకి దిగి మన ప్రోటీన్లకు అతుక్కుంటే ఆ కణాలు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి, మళ్లీ తగిలినప్పుడు అవి పోగై వాపు తెచ్చేసరికి ఒకటి రెండు రోజులు పడుతుంది. టీబీకి చేతి మీద చేసే మాంటూ పరీక్షను 48 నుంచి 72 గంటల మధ్య చూసేదీ ఇందుకే. ఇలాంటి అలర్జీ సీరంతో, అంటే కణాలు తీసేసిన రక్తపు ద్రవంతో కాదు, కణాలతోనే ఒక గినీ పంది నుంచి ఇంకోదానికి వెళ్తుందని లాండ్‌స్టైనర్, చేజ్ అనే శాస్త్రవేత్తలు 1942లోనే చూపించారు. ఆ మొదటి రకం అలర్జీలో దద్దుర్లు లేపే హిస్టమిన్ అనే పదార్థాన్ని ఆపే మాత్రలు నాకు నిద్ర తెప్పించాయి గానీ వాపు తగ్గించలేదు.

చివరికి ప్యాచ్ టెస్ట్‌లో తేలింది. వీపు మీద పట్టీలు అంటించి, రెండు రోజులకు తీసి చూశారు: పీపీడీ పెట్టిన చోట కాస్త ఎరుపు, అంతే. ఇంకో రెండు రోజులకు అక్కడే చిన్న చిన్న నీటి పొక్కులు. రెండోసారి చూడకపోతే నాది తేలేదే కాదేమో. దీనికి పెద్ద మిషన్లు అక్కర్లేదు సార్. పట్టీలు, చూడటం తెలిసిన డాక్టరు, మూడుసార్లు రాగల రోగి ఉంటే చాలు. ప్రభుత్వాసుపత్రుల చర్మ విభాగాలన్నిటికీ అవి అందేలా చూడండి.

రంగు పెట్టెలో మడిచిన కాగితం ఉంటుంది, ముందు చర్మం మీద కాస్త రంగు పూసుకుని 48 గంటలు ఆగమని చీమ తలకాయంత అక్షరాల్లో. అరగంట చూసి ఏం కాలేదని వేసేసుకునేవాళ్లే ఎక్కువ, నేనూ అంతే. ఆ మాట పెట్టె పైన, జనం చదివే భాషలో ఉండాలి. నికెల్ అనే లోహం కూడా ఇలాంటి అలర్జీయే తెస్తుంది: చర్మానికి అంటుకుని ఉండే వస్తువుల నుంచి అది ఎంత వదలొచ్చో యూరప్ 1994లోనే హద్దు పెట్టింది.

నేను ఇప్పుడు నెరిసిన జుట్టుతోనే తిరుగుతున్నాను, అది వేరే సంగతి. ముందు పట్టీల పని చూడండి, అక్షరాల పని ఆ తర్వాత.