ఒకినావా డ్యూగాంగ్ కేసు: మనం చెప్పుకోని రెండో సగం

సంపాదకులకు నమస్కారం.

సముద్ర జీవులకు న్యాయస్థానాలు అండగా నిలిచిన సందర్భాల ప్రస్తావన వస్తే, జపాన్‌లోని ఒకినావా డ్యూగాంగ్ (సముద్రపు గడ్డి మేసే క్షీరదం) కేసును చాలామంది ఉదాహరిస్తుంటారు. ఒకినావా తీరంలో సైనిక స్థావరం కట్టే విషయంలో 2008లో అమెరికా న్యాయస్థానం తన దేశ రక్షణ శాఖనే తప్పుపట్టిన మాట నిజమే. కానీ కేసు అక్కడితో ఆగలేదు. అది 2020లో ముగిసిన తీరును మాత్రం ఎవరూ అంతగా చెప్పరు. నా దృష్టిలో నేర్చుకోవలసిందంతా ఆ ముగింపులోనే ఉంది.

ఒకినావాలోని గినోవాన్ నగరం నడిబొడ్డున ఉన్న అమెరికా వారి ఫుతెన్మా వైమానిక స్థావరాన్ని వేరే చోటికి తరలించాలని 1996లో జపాన్, అమెరికా ప్రభుత్వాలు ఒక అంగీకారానికి వచ్చాయి. ఇళ్ల మధ్య ఆ స్థావరం ప్రమాదకరమన్న వాదనను కొట్టిపారేయలేము. 2004లో పక్కనే ఉన్న విశ్వవిద్యాలయ ప్రాంగణంలో సైనిక హెలికాప్టర్ కూలింది కూడా. అయితే బదులుగా ఎంచుకున్న చోటు ఈశాన్య తీరంలోని హెనోకో. అక్కడ ఔరా అఖాతం వైపుతో కలిపి దాదాపు 150 హెక్టార్ల సముద్రాన్ని పూడ్చి రన్‌వేలు కట్టాలన్నది పథకం. ఆ తీరంలో సముద్రపు గడ్డి దట్టంగా పెరుగుతుంది, డ్యూగాంగ్‌కు ఆ గడ్డే మేత. ఏనుగుకు దూరపు బంధువైన ఈ క్షీరదం కొన్నేళ్లకొకసారి ఒక్క పిల్లను మాత్రమే కంటుంది కనుక, సంఖ్య ఒకసారి పడిపోతే మళ్లీ పుంజుకోవడం చాలా కష్టం.

2003లో రెండు దేశాల పర్యావరణ సంస్థలు, కొందరు ఒకినావా వాసులు, వారితోపాటు వాదిగా డ్యూగాంగ్ కూడా, కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానానికెక్కారు. వారు ఆశ్రయించింది వన్యప్రాణి చట్టాన్ని కాదు, అమెరికా జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టాన్ని. అమెరికా ప్రభుత్వం విదేశాల్లో తలపెట్టే పని, అది జరిగే దేశపు వారసత్వ జాబితాలో ఉన్నదానికి నేరుగా హాని కలిగించే అవకాశం ఉంటే, ఆమోదానికి ముందే ఆ ప్రభావాన్ని పరిగణించాలని అందులో 1980లో చేర్చిన సెక్షన్ చెబుతుంది. జపాన్ 1972లోనే డ్యూగాంగ్‌ను తన సాంస్కృతిక సంపద చట్టం కింద సహజ స్మారకంగా గుర్తించింది. పాత కట్టడాలను దృష్టిలో పెట్టుకుని రాసిన చట్టం నీళ్లలో ఈదే జంతువుకు వర్తిస్తుందని 2005లో న్యాయమూర్తి మెరిలిన్ హాల్ పటేల్ అంగీకరించారు; 2008 జనవరిలో రక్షణ శాఖ ఆ చట్టాన్ని ఉల్లంఘించిందని తేల్చారు. ఇంత చాకచక్యమైన న్యాయవాదన అరుదు.

చిక్కు ఆ సెక్షన్‌లోనే ఉంది. హానిని పరిగణించమని అది కోరుతుందే గాని, పని ఆపమని ఎక్కడా చెప్పదు. 2014లో రక్షణ శాఖ అధ్యయనం ముగించి, డ్యూగాంగ్‌కు ప్రతికూల ప్రభావం ఉండదని ప్రకటించింది. ఇందుకు చూపిన కారణాలు రెండు: ఆ ప్రాంతంలో డ్యూగాంగ్‌లు ఉండే అవకాశమే అత్యల్పం, ఒకవేళ ఉన్నా, ఈ నిర్మాణం వాటికి చేటు తెచ్చేంతటిది కాదు. జిల్లా న్యాయస్థానం 2015లో దావాను కొట్టివేయగా, 2017లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దాన్ని పునరుద్ధరించింది. 2018లో వాదులు మళ్లీ ఓడిపోయారు. 2020 మేలో అప్పీళ్ల కోర్టు ఆ ఓటమినే ఖరారు చేసింది. అమెరికా రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ మీద మొదలైన వ్యాజ్యం ఆ పదవిలోకి తర్వాత వచ్చిన గేట్స్, హేగెల్, మాటిస్‌ల మీదుగా ఎస్పర్ దాకా వచ్చింది. స్థానికులతో నేరుగా సంప్రదించి తీరాలని ఆ సెక్షన్ నిర్దేశించడం లేదన్న వాదన కూడా చివరకు నిలిచింది.

నా అభ్యంతరమంతా ఆ మొదటి కారణం మీదే. డ్యూగాంగ్‌కు చట్టరక్షణ ఇచ్చిందే అది అరుదైనది కనుక. ఇప్పుడు ఆ అరుదైపోవడమే దానికి హాని జరగదనడానికి రుజువైంది. ఈ లెక్కన ఒక జాతి ఎంత క్షీణిస్తే కట్టేవారికి అంత సులువు. రక్షణ శాఖ నిర్ణయం నిర్హేతుకమా కాదా అన్నంత వరకే చూడగలిగిన న్యాయమూర్తులను నేను తప్పుపట్టడం లేదు. జంతువు ఈ రోజు అక్కడ కనిపించిందా అని అడిగి, ఆ గడ్డి పోయాక అది తిరిగి రాగలదా అని అడగకుండా వదిలేసే చట్టంలోనే లోపముందంటున్నాను.

జపాన్‌లో జరిగింది ఇంతకన్నా మెరుగేమీ కాదు. పర్యావరణ ప్రభావ అంచనాను తయారుచేసింది స్థావరం కట్టించే జపాన్ రక్షణ శాఖ విభాగమే. సర్వేల్లో ఒకినావా ద్వీపం చుట్టూ గుర్తించినవి మూడే డ్యూగాంగ్‌లు. వాటిలో ఒకటి 2015 తర్వాత, మరొకటి 2018 తర్వాత కనబడలేదు. మూడోది 2019 మార్చిలో నకిజిన్ తీరంలో చనిపోయి దొరికింది. స్టింగ్‌రే చేప ముల్లు పేగులో గుచ్చుకోవడమే అందుకు కారణమని పరీక్షలో తేలింది కాబట్టి, ఆ చావును నిర్మాణానికి అంటగట్టడం సరికాదు. ఉద్యమకారులు కొందరు అంటగట్టారు, అది వారి వాదనకే చేటు. మిగిలిన రెండూ ఎందుకు కనుమరుగయ్యాయన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. 2018 డిసెంబరులో సముద్రంలో మట్టి పోయడం మొదలైంది. తర్వాతి ఫిబ్రవరిలో ఒకినావా ప్రిఫెక్చర్ (రాష్ట్రం లాంటి పాలనా విభాగం)లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటేసినవారిలో సుమారు 72 శాతం వద్దన్నారు, అయినా పని ఆగలేదు. సముద్రగర్భం మెత్తగా ఉందని తేలాక అవసరమైన డిజైన్ మార్పుకు ఒకినావా గవర్నర్ డెన్నీ తమాకీ ఒప్పుకోకపోతే, 2023 డిసెంబరులో న్యాయస్థానం తీర్పు ఆధారంగా కేంద్ర మంత్రి ఆయన బదులు తానే ఆమోదం తెలిపారు.

సైనిక అవసరాలను పూర్తిగా పక్కన పెట్టమని నేను కోరడం లేదు. అమెరికన్ కాంగ్రెస్ ఆ ఒక్క సెక్షన్‌నైనా సవరించి, హానిని తలల లెక్కతో కాకుండా జంతువు బతకడానికి కావలసిన ఆవాసంతో కొలవాలని, ఆ ఆవాసానికి నష్టం తప్పదని తేలినప్పుడు ప్రత్యామ్నాయ స్థలాన్ని పరిశీలించకుండా ఆమోదం ఇవ్వకూడదని రాయాలి. జపాన్ పార్లమెంటు ప్రభావ అంచనాను కట్టేవారి చేతుల్లోంచి తీసి స్వతంత్ర సంస్థకు అప్పగించాలి. ఈ పరిశీలన పూర్తయ్యే దాకా నీళ్లలో ఒక్క రాయి కూడా పడకూడదన్న నిబంధన రెండు చట్టాల్లోనూ ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు