అర్వింగ్ బెర్లిన్ గురించి, ముఖ్యంగా ట్యూన్లు కట్టేవాళ్లకి

అందరికీ నమస్తే. నొటేషన్ (స్వరాలని కాగితం మీద రాసే పద్ధతి) రాదు కాబట్టి పాటలు కట్టడం మన వల్ల కాదేమో అని నిన్న ఇద్దరు ముగ్గురు రాశారు, వాళ్లు అమెరికాలో పేరుమోసిన పాటల రచయిత, స్వరకర్త అర్వింగ్ బెర్లిన్ సంగతి తెలుసుకోవాలి. 1888లో రష్యా సామ్రాజ్యంలో పుట్టి, ఐదేళ్ల వయసులో న్యూయార్క్ చేరిన యూదు కుటుంబం పిల్లాడు. తండ్రి పోయాక ఇల్లు వదిలి, వీధుల్లో, బార్లలో పాడుకుంటూ, హోటల్లో పాడే వెయిటర్‌గా బతికాడు. చివరిదాకా ఆయనకి నొటేషన్ చదవడం సరిగ్గా రాలేదు! పియానో మీద దాదాపు నల్ల మెట్లే వాయించేవాడు, ఒకే శ్రుతిలో. అందుకని మెట్ల కింద ఒక లివర్ ఉన్న పియానో వాడేవాడు, అది తిప్పితే వేళ్లు అక్కడే ఉన్నా శ్రుతి మారిపోతుంది, మన నాటకాలవాళ్ల స్కేల్ ఛేంజర్ హార్మోనియం లాగా. ఆయన వాయించి వినిపిస్తే పక్కన మనిషి రాసిపెట్టేవాడు.

సాహిత్యమూ ఆయనదే, బాణీ ఆయనదే. 1911లో 'అలెగ్జాండర్స్ రాగ్‌టైమ్ బ్యాండ్' అనే పాటతో పేరు మోగిపోయింది. మరుసటి ఏడాదే, పెళ్లయిన కొన్ని నెలలకి, భార్య టైఫాయిడ్‌తో పోయింది, ఆ దుఃఖంలో రాసిన 'వెన్ ఐ లాస్ట్ యూ' నాకైతే ఆయన పాటలన్నిటికంటే ఎక్కువ ఇష్టం. 'గాడ్ బ్లెస్ అమెరికా' అనే దేశభక్తి పాట 1918లో రాసి పక్కన పడేసి, ఇరవై ఏళ్లకి మళ్లీ తీసి దిద్దాడు, దాని రాయల్టీ అంతా స్కౌట్ పిల్లల సంస్థలకి ఇచ్చేశాడు. 101 ఏళ్లు బతికి 1989లో పోయాడు.

నొటేషన్ నేర్చుకోవద్దని కాదు, తప్పకుండా నేర్చుకోండి. కానీ ఈలోగా తట్టిన ట్యూన్ ఫోన్‌లో రికార్డ్ చేసి ఇక్కడ పెట్టండి, రాసిపెట్టడానికి నేనున్నాను.