మన సంఘం 2024-25 వార్షిక నివేదిక: ప్లానర్లు పక్కన పెట్టి, పక్కన కూర్చున్న ఏడాది

ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, కుదురు లేకపోవడం, తొందరపాటు) ఉన్న మన సభ్యులందరికీ నమస్కారం. ఈ నివేదిక ఏప్రిల్‌లోనే మీకు అందాల్సింది, జూన్‌లో పంపుతున్నాను, క్షమించండి. మూడుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. చివరికి మన ఆదివారం "పక్కన కూర్చునే గంట"లో, పక్కన మరో సభ్యురాలు తన ఆఫీసు పని చేసుకుంటుంటే కూర్చుని పూర్తి చేశాను. ఈ ఏడాది మనం నేర్చుకున్నది చాలావరకు ఆ గంటలోనే నేర్చుకున్నాం కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

మొదటి ఆరు నెలలు పనులు చక్కబెట్టుకోవడం మీదే పెట్టాం. ప్లానర్లు, ఫోన్ అలారాలు, గోడ మీద వైట్‌బోర్డు. ఏ పని ముందు, ఏది తర్వాత, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, మధ్యలో ఫోన్ వస్తే మళ్లీ ఎక్కడికి తిరిగి రావాలి, ఇవన్నీ చూసుకునే మెదడు పనినే డాక్టర్లు ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్లు అంటారు, ఏడీహెచ్‌డీ ఉన్న మనకు ఇబ్బంది అక్కడే కాబట్టి అక్కడే మొదలుపెట్టాం. దసరా తర్వాతి సమావేశానికి ఎవరి ప్లానర్ వాళ్లని తెమ్మంటే దాదాపు అందరివీ మొదటి రెండు వారాలు నిండి, మిగతాదంతా ఖాళీ. ఎందుకు ఆపేశారని అడిగితే మర్చిపోయానని ఒక్కరూ అనలేదు. ఒకరోజు రాసుకున్నవి చేయలేకపోయాను, మర్నాడు ఆ పేజీ చూడబుద్ధి కాలేదు, ఆ తర్వాత పుస్తకమే ముట్టుకోలేదు అన్నారు.

అది విన్నాక దారి మార్చుకున్నాం. ఆగిపోయిన ప్రతి పనిలోనూ సిగ్గో, భయమో, ఒళ్లు మండిపోయే విసుగో ఉంటోంది, దాన్ని వదిలేసి ఇంకో యాప్ డౌన్‌లోడ్ చేసుకుని లాభం లేదు. అమెరికన్ సైకాలజిస్టు రస్సెల్ బార్క్లీ ఏళ్లుగా ఈ మాటే చెబుతున్నారు, తెలిసిన పనిని సమయానికి చేయలేకపోవడం దగ్గరే మనకు చిక్కు అని, భావోద్వేగాలు అదుపులో ఉండకపోవడం కూడా ఏడీహెచ్‌డీలో భాగమేనని. మానసిక సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు చూసే పుస్తకం డీఎస్‌ఎం-5 (2013) ప్రకారం 17 ఏళ్లు నిండినవాళ్లకు ఒక విభాగంలో (శ్రద్ధ లేకపోవడం, లేదా కుదురులేనితనం-తొందరపాటు) ఐదు లక్షణాలుంటే చాలు, వాటిలో కొన్నైనా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి, కానీ ఆ లక్షణాల పట్టికలో కోపం లేదు, ఏడుపు లేదు. అందుకే మనలో చాలామంది డాక్టర్ దగ్గర మతిమరుపు గురించి చెప్పి, ఇంట్లో జరిగే గొడవల గురించి చెప్పకుండా వచ్చేశారు. అవి కూడా చెప్పండి, అడగకపోయినా చెప్పండి.

నవంబర్ నుంచి రెండు వారాలకోసారి పక్కన కూర్చునే గంట పెట్టుకున్నాం. దీనికి బాడీ డబ్లింగ్ అని పేరుంది. ఎవరి పని వాళ్లు తెచ్చుకోవాలి, ఒకరికొకరు సలహాలివ్వకూడదు, అంతే. ఒక ఆదివారం నలభై దాటిన ఒక సభ్యుడు బట్టల షాపు సంచి నిండా విప్పని ఉత్తరాలు పట్టుకొచ్చారు, బ్యాంకువి, ఇన్సూరెన్సువి, రెండేళ్లవి. ఇంట్లో వాళ్లకి కనబడకుండా బీరువా మీద దాచారట. నేను పక్కన రసీదు పుస్తకం రాసుకుంటున్నాను. ఆయన మొదటి కవరు చేతిలో పట్టుకుని చాలాసేపు చింపలేదు, బొటనవేలితో అంచు మీద రుద్దుతూ ఉన్నారు, ఆ అంచు నల్లబడిపోయింది. తర్వాత చింపారు. బీమా ప్రీమియం కట్టమని, గడువు ఎప్పుడో దాటిపోయింది. కాగితం బల్ల మీద పెట్టి "ఇంతేనా" అని రెండోది అందుకున్నారు. గంట అయ్యేసరికి మూడు కుప్పలయ్యాయి, కట్టాల్సినవి, ఫోన్ చేయాల్సినవి, పారేయాల్సినవి. పారేయాల్సిన కుప్పే అన్నిటికన్నా పెద్దది.

జనవరిలో కుటుంబ సభ్యులతో కూర్చున్నాం. ఇది ఇంకా ముందే చేయాల్సింది. ఒకావిడ తన భర్త గురించి చెప్పారు: "ఎన్నిసార్లు చెప్పాలండీ అన్న ఒక్క మాటకి కంచం నెట్టేసి లేస్తారు, పావుగంటకి ఏమీ జరగనట్టు వచ్చి బాబుతో ఆడుకుంటారు, నాకు మాత్రం ఆ రోజంతా పోతుంది." ఆయనకి ఆ మాట ఆవిడ నోటి నుంచి కాదు, చిన్నప్పటి నుంచి తనని తిట్టిన అందరి నోళ్ల నుంచీ వినిపిస్తుందట. ఇద్దరూ నిజమే చెప్పారు. కానీ కోపానికి కారణం తెలిసిందని కంచం నెట్టే హక్కు రాదని ఆరోజు అందరం ఒప్పుకున్నాం. మనవాళ్లు పాలపొంగు కోపం అంటారు కదా, వాళ్లింట్లో ఇప్పుడు "పాలు" అన్న ఒక్క మాట పెట్టుకున్నారు. ఎవరు ఆ మాట అన్నా ఇద్దరూ ఆపేయాలి, ఆయన ఇరవై నిమిషాలు మేడ మీదకి వెళ్లొచ్చి, వచ్చాక ఆ మాట పూర్తిచేయాలి. తిరిగొచ్చి పూర్తిచేయడమే కష్టంగా ఉందని ఫిబ్రవరిలో చెప్పారు, అయినా మానలేదు.

మందుల గురించి ఒక సైకియాట్రిస్టుని పిలిచి మాట్లాడించాం. ఏడీహెచ్‌డీకి రాసే మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ (అమ్మకం మీద గట్టి నిబంధనలున్న జాబితా) మందు కాబట్టి చీటీ రెండు ప్రతులుగా రాయించుకోవాలి, ఒకటి షాపువాళ్లు ఉంచుకుంటారు, చట్టం ప్రకారం రెండేళ్లు దాచాలి. ఒక మందుల షాపులో మన సభ్యురాలిని పదిమంది ముందు నిలబెట్టి ఇది మత్తు కోసమా అని అడిగారు. ఆమె ఆ నెల మందు లేకుండానే ఉండిపోయింది. అలా జరిగితే నాకు చెప్పండి, మనలో ఒకరు తోడు వస్తారు. ఏడీహెచ్‌డీకే ఇచ్చే ఇంకో మందు అటొమోక్సెటిన్ వాడుతున్నవాళ్లు వారంలో తేడా లేదని ఆపేయొద్దు, దానికి కొన్ని వారాలు పడుతుంది. రాత్రిపూట మరీ భరించలేనట్టు ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

కుదరనివి కూడా ఉన్నాయి. వాట్సాప్ గ్రూపులో రోజూ ఉదయం పనుల జాబితా పెట్టమన్నాం, పెట్టలేనివాళ్లు సిగ్గుపడి గ్రూపే మ్యూట్ చేశారు, అది నా ఆలోచనే, ఆపేశాం. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 21 రకాల వైకల్యాల్లో ఏడీహెచ్‌డీకి విడిగా చోటు లేదు, ఆఫీసుల్లో వెసులుబాటు అడగడం ఎలాగో లాయర్‌తో సమావేశం పెడతామన్నాం, పెట్టలేదు. ఈ ఏడాది అదే మొదటి పని. జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపారు.

జూలై నుంచి పక్కన కూర్చునే గంట ప్రతి ఆదివారం ఉంటుంది, ఉదయం పదింటికి. ఆలస్యమైనా రండి, తలుపు దగ్గర ఎవరూ టైమ్ అడగరు. సభ్యత్వ రుసుము కట్టనివాళ్లు ఆ గంటలోనే కట్టేయొచ్చు, రసీదు పుస్తకం నా దగ్గరే ఉంటుంది.